ట్యాబక్కకు ఓపిక లేదు

2023 జూన్‌లో బడులు తెరిచేసరికి చిక్కడపల్లిలోని మా ప్రాథమిక పాఠశాలకు రెండు అట్టపెట్టెలు వచ్చి ఉన్నాయి. మాది సందులో ఇరుక్కున్న చిన్న బడి. వరండాలో నిలబడితే ఒక చెవిలో కూరగాయల బేరాలు, ఇంకో చెవిలో అశోక్‌నగర్ హాస్టళ్ల నుంచి టీ కోసం వచ్చే గ్రూప్స్ అభ్యర్థుల వాదనలు పడతాయి. నేనక్కడ ఎస్జీటీని. అంటే తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, పిల్లల కొట్లాటలకు తీర్పు, అన్నీ ఒక్కడే చూసుకునే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. ఆ ఏడు నాకు మూడో తరగతి ఇచ్చారు.

పిల్లలు నాకు పెట్టిన పేరు గప్పాల సార్. ఊరికే పెట్టలేదు. నారాయణగూడ ఫ్లైఓవర్ మొదట్లో స్తంభంలా నిటారుగా ఉండేదని, ఒక ఎండాకాలం వేడికి మెత్తబడి, వంగి, రెండో కొస నేలకు ఆన్చి అలాగే ఉండిపోయిందని నేను చెప్పాను. మా తాత మూసీ వరదలో మంచం మీద తేలుతూ కాచిగూడ స్టేషన్‌కు వచ్చి, మంచం దిగకుండానే రైలెక్కాడనీ చెప్పాను. నమ్మిన పిల్లలకు ఒక చాక్‌పీసు, నమ్మనివాళ్లకు రెండు. అలా ప్రశ్నలడగడం నేర్పాను. అది నా బోధనా పద్ధతి అని ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లకు కూడా చెప్పాను. వాళ్లు నమ్మారు.

ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం గప్పా లేదు. కలపాలని చూశాను, కలవలేదు.

అట్టపెట్టెల్లో ఉన్నవి ట్యాబ్‌లు. ఒక స్వచ్ఛంద సంస్థ ఇచ్చింది. వాటిలో చదువు నేర్పే యాప్ ఒకటుంది. తెర మీద నాలుగు వాక్యాలు వస్తాయి. పిల్ల పైకి చదువుతుంటే ట్యాబ్ వింటుంది. సరిగ్గా చదివిన మాట పచ్చగా మారుతుంది. తప్పయితే ఎర్రబడుతుంది. మూడు సెకన్లు మాట వినిపించకపోయినా ఎర్రబడి, తర్వాతి మాటకు వెళ్లిపోతుంది. నిమిషంలో ఎన్ని మాటలు తప్పు లేకుండా చదివారో చివర్లో లెక్క వస్తుంది. దీన్ని మా వృత్తిలో ఓరల్ రీడింగ్ ఫ్లూయెన్సీ అంటారు. ప్రతి శనివారం ఆ లెక్క తల్లిదండ్రుల ఫోన్‌కు వెళుతుంది. చదవడం రానివాళ్ల కోసం ఆడియో కూడా జతచేస్తుంది. ఆడియోలోనూ, ట్యాబ్‌లోనూ ఒకటే తీపి గొంతు. తప్పు చదివిన ప్రతిసారీ "మళ్లీ ప్రయత్నిద్దాం!" అంటుంది. పిల్లలు దానికి ట్యాబక్క అని పేరు పెట్టారు.

ట్యాబక్క వల్ల మేలు జరగలేదని చెబితే అది గప్పా అవుతుంది. ముప్పై మంది ఉన్న తరగతిలో నేను ఒక పీరియడ్‌లో నలుగురైదుగురి చదువు మాత్రమే వినగలిగేవాణ్ణి. ఇప్పుడు అందరి చదువూ ఎవరో ఒకరు వింటున్నారు. పుస్తకం చూస్తే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లలు ట్యాబ్ కోసం వరుసలో తోసుకునేవారు.

పల్లవి ఎప్పుడూ ఆ వరుస చివర నిలబడేది.

వాళ్లది మహబూబ్‌నగర్ వైపు ఊరు. తండ్రి కుర్మయ్య అశోక్‌నగర్‌లో కడుతున్న ఒక అపార్ట్‌మెంటులో సెంట్రింగ్ పని చేస్తూ, అక్కడే సెల్లార్‌లో రేకులు అడ్డం పెట్టుకుని భార్యాబిడ్డలతో ఉండేవాడు. హాజరు పిలిస్తే పల్లవి పలికేది కాదు, చెయ్యెత్తేది. పెదవులు కలిసే అక్షరాల దగ్గర ఆమెకు మాట ఆగిపోయేది. ప, బ, మ. తన పేరే ఆమెకు అన్నిటికన్నా కష్టమైన మాట. మెడ బిగుసుకునేది, కళ్లు గట్టిగా మూసుకునేది. ఈలోగా పక్కనున్నవాళ్లు ఆ మాట అందించేసేవారు. నేనూ అందించేవాణ్ణి. సాయం చేస్తున్నామనే అనుకునేవాళ్లం.

మొదటిసారి ఆమె చేతికి ట్యాబ్ వచ్చినప్పుడు తెర మీద పడిన పాఠం ఇది: "పిల్లి గోడ మీద పడుకుంది. మబ్బు పట్టింది. పెద్ద వాన వచ్చింది. పిల్లి గొడుగు కిందికి పరుగెత్తింది." ఎవరు రాశారో కానీ ఈ పిల్ల మీద పగబట్టి రాసినట్టుంది. పల్లవి మొదటి "పి" దగ్గర నుంచి బయటపడేలోగా పిల్లి, గోడ, మబ్బు, వాన వరసగా ఎర్రబడ్డాయి. "మళ్లీ ప్రయత్నిద్దాం!" అంది ట్యాబక్క, ఉత్సాహంగా. లెక్క సున్నా.

మా హెచ్ఎం మేడమ్ నన్ను పిలిచారు.

"సార్, మీ క్లాసుల ఒక పిల్లకు సున్నా చూపిస్తుంది. అక్షరాలు రావా?"

"వస్తయ్ మేడమ్. బోర్డు మీద నాకంటే మంచిగ రాస్తది."

"మరి యాప్ తప్పా?"

"తప్పు కాదు మేడమ్, తొందర."

"తొందరో నిమ్మళమో, సున్నా ఉంటే పైనుంచి ఫోన్లు నాకొస్తయ్. జర చూడుండ్రి."

ఒక వానరోజు కరెంటు పోయింది. మసక చీకట్లో పిల్లలు భయపడకుండా, ఆ పిల్లి పాఠాన్నే అందరితో కలిపి గట్టిగా చదివిస్తూ వరుసల మధ్య తిరుగుతున్నాను. గోడ పక్కకు వచ్చేసరికి నేనెప్పుడూ వినని గొంతు ఒకటి వినిపించింది. పల్లవిది. "పెద్ద వాన వచ్చింది" అని, ఎక్కడా తట్టుకోకుండా, అందరితో సమానంగా చదువుతోంది. పాఠం అయిపోయాక "ఏదీ, నువ్వొక్కదానివే చదువు తల్లీ" అన్నాను. మెడ బిగుసుకుంది.

నారాయణగూడలో నేనుండే ఇంటి కింద వాటాలో స్పీచ్ థెరపీ చేసే ఒకావిడ ఉన్నారు. మాట తడబడేవాళ్లకు అభ్యాసాలు చేయించడం ఆమె పని. ఆ సాయంత్రం ఆమెను అడిగాను.

"దాన్ని కోరల్ రీడింగ్ అంటరు సార్. ఇంకో గొంతు తోడుంటే చాలామందికి నత్తి తగ్గుతది. కానీ అది ఊతకర్ర, మందు కాదు. ఇంకో మాట, ఆమె ఆగినప్పుడు మీరు మాట అందియ్యకుండ్రి."

"అందియ్యకుంటే పాపం కాదా అమ్మా?"

"అందిస్తే ఆ మాట మీదైపోతది కద సార్. ఆమెది ఎట్లైతది?"

మర్నాటి నుంచి ట్యాబ్‌కు ఇంకో పని అప్పజెప్పాను. పాఠాలన్నీ నెమ్మదిగా నా గొంతుతో రికార్డు చేశాను. పల్లవి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నా గొంతుతో కలిసి చదివేది. మొదట గాలి మాత్రమే, తర్వాత గుసగుస, తర్వాత మాట. విరామంలో ట్యాబ్ పట్టుకుని వరండా చివరికి వెళ్లి పిల్లి పాఠం చదువుకోవడం నేను చాలాసార్లు చూశాను. కానీ యాప్ పరీక్ష పెట్టేటప్పుడు తన గొంతు తప్ప ఇంకే శబ్దమూ రానివ్వదు. నా గొంతు ఆగిపోతుంది. శనివారం మళ్లీ సున్నా.

ఒక సోమవారం కుర్మయ్య బడికి వచ్చాడు. చొక్కా మీద సిమెంటు, చేతిలో ఫోన్. హెచ్ఎం గదిలోకి వచ్చి ఆడియో నొక్కాడు. "మీ పాప పల్లవి ఈ వారం సున్నా మాటలు చదివింది. ప్రారంభ స్థాయి. ఇంట్లో సాయం చేయండి!" తర్వాత ఒక్కటే మాట అన్నాడు. "టీసీ."

బడి మాన్పించేటప్పుడు ఇచ్చే కాగితం అది.

"నడిమిట్ల టీసీ ఎందుకయ్యా?" అన్నారు మేడమ్.

ఆయన నా వైపు తిరిగి నోరు తెరిచాడు. "బ్... బ్..." మెడ బిగుసుకుంది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

బిడ్డ అనబోతున్నాడని నాకు తెలిసిపోయింది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి ఆపుకున్నాను. జీవితంలో నేను ఆపుకున్న మాటలు చాలా తక్కువ.

"బిడ్డను ఊరికి తోలిస్త సార్," అన్నాడు చివరికి.

ఆయన చెప్పినదాన్ని ఒక్క దమ్ములో రాస్తున్నాను కానీ, చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. "నన్ను గూడ బడిల లేపి నిలవెట్టెటోళ్లు సార్. నేను నోరు తెరిస్తె సార్లు నవ్విరి, పోరగాండ్లు నవ్విరి. ఒకనాడు పుస్తకం ఆడనే పెట్టి ఇంటికొచ్చిన, మళ్ల పోలె. గా నవ్వు ఇంక నా చెవులల్లనే ఉంది. ఇప్పుడు ఫోన్ల గూడ చెప్పవట్టిరి. మా మేస్త్రి విని, తండ్రికి తగ్గ బిడ్డనే అన్నడు. దాన్ని గా నవ్వుల పడెయ్య. మా అవ్వకాడ ఉంటది, మేకలు కాస్తది. మేకలు నవ్వయి."

మేడమ్ బీరువా తెరిచి టీసీ పుస్తకం బల్ల మీద పెట్టారు. కానీ తెరవలేదు. నా వైపు చూశారు.

నాకు తెలిసిన విద్య ఒక్కటే. "కుర్మయ్యా, టీసీ ఇస్తం. ఒక్కటి చూసి పో," అని ట్యాబ్ తెప్పించి, పరీక్ష తెరిచి, ఆ పిల్లి పాఠాన్నే నా పద్ధతిలో చదివాను. "పిల్లి..." అని అటూ ఇటూ చూశాను. "గోడ మీద..." అని కనుబొమలు ఎగరేశాను. "పడుకుంది" అనేలోపే అది ఎర్రబడిపోయింది. కథ చెప్పేవాడు ఆగకుండా ఎలా చెబుతాడు? వాన వచ్చేసరికి సగం పాఠం ఎర్రగా ఉంది. "ప్రారంభ స్థాయి. ఇంట్లో సాయం చేయండి!" అంది ట్యాబక్క.

గుమ్మం దగ్గర చేరిన పిల్లలు పగలబడి నవ్వారు. మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కుర్మయ్య తెర వంక కాసేపు చూశాడు.

"మ... మరి మీరు సారెట్లైండ్రు?"

"గప్పాలు కొట్టి," అన్నాను.

ఆయనా కొంచెం నవ్వాడు. వెంటనే ముఖం మామూలైపోయింది. "నవ్వితే మీకేం పోదు సార్. దానికి పోతది."

ఇంతకాలం నవ్వించి గట్టెక్కినవాణ్ణి, అక్కడ గట్టు కనిపించలేదు.

గుమ్మంలో పిల్లల వెనుక పల్లవి నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. "నేను తోడుంటా, చదువుతవా?" అన్నాను. తండ్రి వంక చూసి, లోపలికి వచ్చింది. ట్యాబ్ లేకుండా, పుస్తకం లేకుండా ఇద్దరం కలిసి చదివాం. ఆమెకు ఆ పాఠం కంఠతా వచ్చు. మబ్బు పట్టింది, పెద్ద వాన వచ్చింది, పిల్లి గొడుగు కిందికి పరుగెత్తింది. కుర్మయ్య కళ్లు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. పెదవులు కలిసిన ప్రతిచోటా ఆయన పెదవులూ కలిశాయి.

అక్కడితో ఆగుతుందనుకున్నాను. పల్లవి బల్ల మీది ట్యాబ్‌ను తన వైపు తిప్పుకుని, పరీక్ష బొత్తాం నొక్కింది. నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు.

"ప్..." అంది. మొదటి మాట ఎర్రబడింది. మెడ బిగుసుకుంది. రెండో మాట ఎర్రబడింది. "మళ్లీ ప్రయ..."

కుర్మయ్య చెయ్యి లేచింది. రోడ్డు మీద లారీని ఆపినట్టు ట్యాబ్‌కు అడ్డంగా అరచెయ్యి పెట్టాడు.

"అ... అక్కా, జ... జర ఆగు. పిల్ల సదువుతుంది."

గుమ్మంలో ఒక్క పిల్ల కూడా నవ్వలేదు. ట్యాబక్క ఆగలేదు, దానికి చేతుల భాష తెలియదు. ఒక్కో మాటా ఎర్రబరుచుకుంటూ చివరిదాకా వెళ్లి, సున్నా వేసి, మొదటి పేజీకి తిరిగి వచ్చి ఊరుకుంది. గదిలో కూరగాయల బేరాలు తప్ప ఇంకేం వినిపించలేదు. పల్లవి కళ్లు తెరిచింది.

"పిల్లి," అంది.

మళ్లీ ఆగింది. మేమూ ఆగాం. "గోడ మీద... ప్... పడుకుంది." మబ్బు దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. వానలో ఒక్కసారే తట్టుకుంది. పిల్లి గొడుగు కిందికి చేరేదాకా తండ్రి అరచెయ్యి గాలిలో అలాగే ఉంది.

ఫోన్ జేబులో పెట్టుకుని కుర్మయ్య బయటికి నడిచాడు. వరండాలో ఆగి, నాతో అన్నాడు. "సాయంత్రం బ... బడి ఇడిశినంక వచ్చి తీస్కపోత."

మేడమ్ టీసీ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ మూడు సెకన్లను పెంచమని యాప్ వాళ్లకు రాశాను. మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది అని జవాబు వచ్చింది. ఇంకా పరిశీలనలోనే ఉంది. శనివారం సందేశాల్లో పల్లవిది ఆపించి, నేనే ఫోన్ చేసి చెప్పడం మొదలుపెట్టాను. ట్యాబ్‌లు ఇప్పటికీ వాడుతున్నాం. ఇయర్‌ఫోన్ పాఠాలకు ఇప్పుడు నా గొంతు అక్కర్లేదు, పిల్లలే ఒకరికోసం ఒకరు రికార్డు చేస్తారు. యంత్రాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. ఉపాధ్యాయ శిక్షణలో వెయిట్ టైమ్ అని ఒక పాఠం ఉంటుంది. ప్రశ్న అడిగాక పిల్లల జవాబు కోసం ఆగే సమయం అది. ఆ సోమవారం తర్వాత తరగతిలో నేను ఎంతసేపు ఆగుతున్నానో గమనించుకుంటే, నాకంటే ట్యాబక్కే నయం అనిపించింది. అది మూడు సెకన్లయినా ఆగుతుంది. నేను అంత కూడా ఆగకుండా మాట అందించేసి, దయగలవాణ్ణని అనుకునేవాణ్ణి.

పల్లవి ఇప్పుడు ఐదో తరగతి, నేనూ వాళ్లతోపాటే ఐదుకు వచ్చాను. నత్తి పోలేదు. కొన్ని రోజులు తక్కువ, కొన్ని రోజులు ఎక్కువ. మొన్న హాజరు పిలుస్తుంటే ఆమె లేచి నిలబడింది. ఈ మధ్య ఆమె చెయ్యెత్తడం మానేసింది, పలుకుతుంది. "ప్..." దగ్గర ఆగింది. కొత్తగా చేరిన పిల్ల ఒకతి, పాపం, సాయం చేద్దామని "ప్రెజెంట్ సార్" అని అందించబోయింది.

పల్లవి కళ్లు మూసుకునే, ఆ పిల్ల వైపు అరచెయ్యి అడ్డం పెట్టింది.

పెన్ను పట్టుకుని నేను ఆగాను.