మురుగు కాలువలో చేపలు

మా ఆయన బెక్‌చాన్ ఇరవై ఆరేళ్ళు ఒకటే పని చేశాడు. అయిదు రోజులకోసారి సైకిలెక్కి పొలాలకు పోవడం, అక్కడ పాతిన ఇనుప గొట్టాల్లోకి తాడు వదిలి, ఊటనీరు ఎంత లోతులో ఉందో చూసి రాసుకోవడం. తాడు చివర బోర్లించిన చిన్న ఇనుప గిన్నె ఉంటుంది. నీటికి తగిలితే టప్‌మంటుంది. ఆ చప్పుడు కోసం గొట్టానికి చెవి ఆనించి కూచునేవాడు. "కింద మీ మామగారు కులాసాగా ఉన్నారా బెక్‌చాన్?" అని ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు. తనూ నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఆయన చెప్పేది ఎంతో లేదు. ఊట నిలువెత్తు లోతులో ఉన్నన్నాళ్ళూ పైరుకు భయం లేదు. నడుము లోతుకు వచ్చిందంటే, వత్తి నూనె పీల్చినట్టు నేల ఆ నీటిని పైకి పీలుస్తుంది. ఎండకు నీరు ఎగిరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. అంతే. నేను ఏడో తరగతితో బడి మానేశాను, నాకే అర్థమైంది.

మూడేళ్ళ కిందట, మా పొలాలకు నీళ్ళిచ్చే అము నదిలో నీళ్ళు తగ్గాయి. జులైలో పత్తి వాడిపోతుంటే, పెద్ద రైతు సాపర్‌బాయ్, ఊరి పొలాల ఉప్పునీరు పోయే మురుగు కాలువకు అడ్డంగా మట్టికట్ట వేయించాడు. ఊట పైకి లేచింది, పత్తి వేళ్ళు కింద నుంచే తాగాయి. హెక్టారుకు ముప్పై క్వింటాళ్ళు దిగింది. మా ఆయన కూడా కాదనలేదు. "నీళ్ళు లేనప్పుడు మనవాళ్ళు చేసే పనే. పత్తి ఏరగానే తెంచెయ్యాలి" అన్నాడు.

తెంచలేదు. ఆ నిలవ నీళ్ళలో సాపర్‌బాయ్ బావమరిది చేపపిల్లలు వదిలాడు.

ఫిబ్రవరిలో అందరం నేల ఉప్పు కడిగాం. మడికి గట్లు వేసి మూడుసార్లు నీళ్ళు నింపి ఇంకనివ్వడం మా దగ్గర ఏటా ఉన్నదే. కానీ కడిగిన నీళ్ళు పోవడానికి కాలువ తెరిచి ఉండాలిగా! తూము మూసిన తొట్లో బట్టలు ఉతికినట్టయింది. కరిగిన ఉప్పు అక్కడే ఉండి, ఏప్రిల్ ఎండలకు తెల్లగా పైకి లేచింది. ఆ ఏడు పత్తి పద్దెనిమిది క్వింటాళ్ళు. మరుసటి ఏడు పదకొండు.

"నీ గొట్టాల దిష్టే తగిలింది నేలకు" అన్నాడు సాపర్‌బాయ్ నలుగురిలో. మడులు తెల్లబడినవాళ్ళు కూడా నవ్వారు.

ఈ జనవరిలో మా ఆయన మళ్ళీ సాపర్‌బాయ్ దగ్గరికి వెళ్ళి కట్ట తెంచమని బతిమాలాడు. తిరిగొచ్చి, వాకిట్లో సైకిలు నిలబెడుతూ కూలిపోయాడు. గుండె అన్నారు. యాభై తొమ్మిదేళ్ళు.

నాకూ మా అత్త బీకాజాన్‌కూ మిగిలింది ఇంటి వెనక పెరటి మడి. క్యారెట్, జొన్న, ఖర్బూజా. మా ఏడాది తిండి అదే. ఆయన పోయిన నలభయ్యో రోజు భోజనాల నాటికి మళ్ళీ ఉప్పు కడిగే వేళ దగ్గరపడింది. ఈసారీ కట్ట ఉండగానే కడిగితే ఆ మడి ఇక లేనట్టే.

ఆ రోజు సాపర్‌బాయ్ బేసిన్ నిండా వేయించిన చేపలు పట్టుకొచ్చాడు. "బెక్‌చాన్ బంగారం లాంటి మనిషి వదినా. అందరికీ తలో ముక్క పెట్టు."

"ఎక్కడివి?"

"మన కాలువవే."

మగవాళ్ళు తినే చోటికి మేం ఆడవాళ్ళం వెళ్ళం. ఆ రోజు బేసిన్ పట్టుకుని వెళ్ళాను. "నాన్చకుండా చెప్పు, కట్ట ఎప్పుడు తెంచుతావు?"

"చావింట్లో ఈ మాటలేంటి వదినా? మార్చిలో నౌరూజ్ పండక్కి చేపలు కిలో తూగుతాయి. అప్పుడు చూద్దాం."

"అప్పటికి కడగడాలు అయిపోతాయి."

అందరి కళ్ళూ పలావు మీదే. గుమ్మంలోంచి మా అత్త అరిచింది, "నా కొడుకు బతిమాలినప్పుడూ ఇట్లాగే నములుతూ కూచున్నారు మీరు!"

చేపల బేసిన్ అతని ముందే దించి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే పార తీసుకుని కట్ట దగ్గరికి పోయాను. అత్త కూడా వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి, గట్టు మీద కూచుని నన్ను తిడుతూనే ఉంది. "అక్కడ కాదే, అంచున కొట్టు! పెళ్ళికూతురిలా గీకుతావేం?" మధ్యాహ్నానికి గండి పడింది. నీళ్ళు బురద కక్కుతూ ఉరికాయి. అప్పుడొచ్చారు ఊరి మగవాళ్ళు, బకెట్లతో, చేపల కోసం. ఒక్కడి చేతిలో పార లేదు.

సాపర్‌బాయ్ పరుగెత్తుకొచ్చాడు. "ఎంత పని చేశావు! నా బావమరిదికి ఏం చెప్పను?"

"త్వరగా ఏరుకోమను. ఊట దిగగానే నువ్వూ పొలం కడుక్కోవాలి."

"నా పొలం మీద నీకెందుకంత ప్రేమ?"

ప్రేమా! ఆ పొలం తెల్లగా ఎండిపోయి, అతను దాని నడుమ నిలబడి ఏడిస్తే చూడాలని నాకుంది. కానీ అతని పొలం కింద ఊటే నా పెరటి కిందా ఉంది. అతని నేల చెడితే నాదీ చెడుతుంది. నోరారా శపించడానికి కూడా లేకుండా చేశాడు ఈ మనిషి.

గండి వెడల్పు చేయడానికి మళ్ళీ పార ఎత్తాను.