నలభై వదులు రివెట్లు

తొకుమత్సు బాబాయ్ ఏది కనబడినా సుత్తితో తట్టకుండా ఉండలేకపోయేవాడు. తట్టడం, వేలు ఆనించడం, కళ్ళు మూసుకోవడం, ఆ తరవాత "బిగువు" అనో "వదులు" అనో తీర్పు చెప్పడం. వదులైతే సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టేవాడు. ఓడలు కట్టే మా కురే ఊళ్ళో ఆ గుర్తు పడని గడప లేదు.

ఆయన ఉద్యోగమే అది, పాపం. మేం యుద్ధనౌకలకి రివెట్లు బిగించేవాళ్ళం. ఎర్రగా కాల్చిన రివెట్‌ని ఉక్కుపలకల్లో దూర్చి, చల్లారేలోగా తల అణగ్గొట్టాలి. మర్నాడు బాబాయ్ వచ్చి ఒక్కొక్కదాన్నీ తట్టి చూస్తాడు. ఇంటూ పడితే ఊడబీకి మళ్ళీ వెయ్యాలి. కానీ పనిని యార్డులో వదిలేసి ఇంటికెళ్ళే మనిషి కాదాయన. టోఫూ అమ్మేవాడి తొట్టి తట్టి "వదులు" అన్నాడు. సాయంత్రానికి అడుగూడి టోఫూ అంతా వీధిపాలైంది. గుళ్ళో పూజారి మంత్రాలు చదువుతూ వాయించే చెక్కచేపకి కూడా ఇంటూ పెట్టాడు. ఒకరోజు మా మేస్త్రి కురోసే బొజ్జ తట్టాడు.

"లోపల ఖాళీ."

"రెండు గిన్నెల అన్నం తిన్నానయ్యా ఇప్పుడే!" అని కురోసే లబలబలాడాడు. బాబాయ్ అప్పటికే పక్కవాడి బొజ్జ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎవరి మాటకీ జవాబు చెప్పేవాడు కాదు. అంత గీర అనుకునేవాళ్ళం.

మనుషుల వెనక కూడా తట్టేవాడు. తల వంచుకుని పని చేసుకుంటుంటే పిల్లిలా వచ్చి, ఇనప డబ్బా మీద టంగుమనిపించి, మన మొహంలోకి చూసేవాడు. ఉలిక్కిపడి తిడితే సంతోషంగా వెళ్ళిపోయేవాడు. తిట్లు తింటేగాని ఈ ముసలాడికి పొద్దుపోదని నవ్వుకునేవాళ్ళం.

అప్పట్లో లోకమంతా ఓడల పోటీ. కురోసే రోజూ పేపరు పట్టుకొచ్చి అరిచేవాడు.

"అమెరికా వాడు మూడు మొదలెట్టాడ్రా! మీరింకా ఒక్కదాని దగ్గరే దేకుతున్నారు!"

నాలుగేళ్ళు చెమటోడ్చి మేమొక ఓడని నీళ్ళలోకి దింపితే, అదే వారం ఇంకెక్కడో అంతకంటే పెద్ద ఫిరంగులది దిగేది. మాది పుట్టిన రోజునే ముసలిదయ్యేది. అయినా మా పొగరు తగ్గలేదు. ఈసారి కట్టేది లోకంలోకెల్లా పెద్దదన్నారు. దాని ముక్కు దగ్గర పనిచేసే ముఠాలో నేనున్నాను. ఈ ఇసాకు వస్తున్నాడంటే మా వీధిలో తలుపులు తెరుచుకునేవి. ఆ సుత్తుల మోతకి మావాళ్ళకి నలభై రాకుండానే చెవుడొచ్చేది. దాన్ని కూడా పతకంలాగే చెప్పుకునేవాళ్ళం.

ఒక ఉదయం వచ్చి చూస్తే నేను వేసిన నలభై రివెట్ల మీద నలభై ఇంటూలున్నాయి.

"బాబాయ్, ఇవి వదులా?" అని చేతులు తిప్పుతూ అడిగాను.

"వదులు."

"ఒక్కటైనా బిగువు లేదూ?"

"అన్నీ వదులే," అని మొహం తిప్పుకున్నాడు.

కురోసే పరిగెత్తుకొచ్చాడు. "అమెరికా వాడు ఓడలు కడుతుంటే నువ్వు జల్లెడ కడుతున్నావా? పో, రంగులేసే షెడ్డుకి పో!"

ముఠా అంతా పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి మూడేళ్ళు ఆయనతో మాట్లాడలేదు. ఎదురైతే పక్కకి ఉమ్మేసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

తరవాత వాషింగ్టన్‌లో దేశదేశాల పెద్దలు కూర్చుని, ఇక పోటీ చాలు, కడుతున్నవి విప్పెయ్యండని సంతకాలు పెట్టారు. మా ఓడ సముద్రం చూడకుండానే తుక్కయింది. కట్టినవాళ్ళకే విప్పే పని ఇచ్చారు. నాకు ముక్కు భాగం వచ్చింది.

నా రివెట్లు నాకు తెలియవూ? నేను తలలు అణిచే అచ్చుకి అంచు విరిగి ఉండేది. అందుకని నేను వేసిన ప్రతి రివెట్ తల మీదా పులిపిరంత బొడిపె లేచేది. ఆ నలభైనీ ఎప్పుడో ఊడబీకి కొత్తవి వేసి ఉంటారనుకున్నాను. చూస్తే బొడిపెలతో సహా నలభయ్యీ అక్కడే ఉన్నాయి. నన్ను పంపేశాక బాబాయే ఇంటూలు తుడిచేశాడన్నమాట. ఉలి పెట్టి కొట్టాను. చేతులు బొబ్బలెక్కాయిగాని ఒక్కటీ కదల్లేదు.

ఆదివారం సాకే సారా సీసా ఒకటి పట్టుకుని ఆయనింటికి వెళ్ళాను. బాబాయ్ అరుగు మీద కూర్చుని ముల్లంగులు తట్టుకుంటున్నాడు. ఆయన భార్య ఒతోమె పిన్ని ఎదురొచ్చింది.

"పిన్నీ, నా రివెట్లు బిగువుగానే ఉన్నాయి. ఎందుకలా చేశాడు?"

"నీ వెనక డబ్బా కొడితే నువ్వు తిరిగి చూళ్ళేదట. ఆ పూట అన్నం ముట్టలేదు. ఇసాకు చెవి పోతోందే అని ఒకటే గొణుగుడు. చెవుడని రాస్తే నిన్ను పనిలోంచే తీసేస్తారాయె. రివెట్లు వదులంటే మోత లేని పక్క షెడ్డుకి పంపుతారు, అంతేగా."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే వినే రకమేనా నువ్వు?"

కాదు. ఆ ముఠాలో మిగతా ఐదుగురూ ఇప్పుడు పేరు పెట్టి పిలిచినా పలకరు. నాకు మాత్రం పక్కగదిలో నా కూతురు కలవరించినా వినబడుతుంది.

"తప్పయిపోయిందని ఆయనకి చెప్పు పిన్నీ."

"ఎలా చెప్పను? ఆయనకి వినబడి పదేళ్ళయింది. అంతా ఆ వేలితోనే కనిపెడతాడు. యార్డులో అనేవు, కొంప మునుగుతుంది!"

ఆయన ముందు మోకరిల్లి, నుదురు నేలకానించి, వినబడదని తెలిసీ క్షమించమని అడిగాను. మూడేళ్ళ కిందట చెప్పవలసిన మాటలన్నీ ఏడుస్తూ చెప్పాను. బాబాయ్ సాకే సీసాని తట్టి "నిండుగా ఉంది" అన్నాడు. తరవాత నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, రహస్యం చెబుతున్నాననుకుంటూ వీధంతా వినబడేలా అడిగాడు.

"ఒరేయ్ ఇసాకూ, నీకు చెవులున్నాయి కదా. మా ఒతోమె గొంతు ఇప్పుడెలా ఉందిరా? అప్పట్లాగే తియ్యగా ఉందా?"

పిన్ని గొంతు ఎలా ఉంటుందో మా వీధిలో కుక్కలనడిగినా చెబుతాయి. కానీ నా కోసం నలభై అబద్ధాలాడిన మనిషాయన. నేను ఒక్కటి ఆడలేనా? గుండె మీద చెయ్యి వేసుకుని, ఇంకా తియ్యగా అయిందని సైగ చేశాను.

"వీధిలో పరువు తీస్తున్నాడమ్మా ఈ ముసలాడు! ముందు లోపలికి తగలడమను!" అని పిన్ని నా వెనక నుంచి గావుకేక పెట్టింది. బాబాయ్ ఆవిడ పెదవుల వంకే చూస్తూ, పాట వింటున్నట్టు మెల్లగా తలూపాడు.