కాలరు మూసలో బ్యాంకు ఉత్తరం

మెడలో టేపు లేకుండా ఆవిడను ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆవిడ టేపక్క. ముప్ఫై ఏళ్ళుగా కుట్టుపనే వృత్తి. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ పక్కన కుట్టుమిషను, నడుమ బట్టలు కత్తిరించే పెద్ద బల్ల, గోడకు వరసగా మేకులు, మేకులకు కాగితపు మూసలు వేలాడుతుంటాయి. కాలరుకొకటి, కఫ్ఫుకొకటి, జేబుమూతకొకటి. గుడ్డ మీద మూసను పెట్టి, గుండుసూదులు గుచ్చి, చుట్టూ సుద్దతో గీసి కత్తిరించడం ఆవిడ పద్ధతి.

ఆ గది తన సొంతమన్న మాట ఆవిడకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. పెళ్ళయ్యాక ఏడు అద్దె ఇళ్ళు మారారు. ప్రతి ఇంటాయనకూ మిషను చప్పుడుతోనే పేచీ. ఒకాయనైతే మీరు మిషను తొక్కితే మా పైకప్పు పెచ్చులూడుతున్నాయని సున్నం ఖర్చు కూడా వసూలు చేశాడు. తొమ్మిదేళ్ళ కిందట, సిటీ బస్సు నడిపే భర్తా తానూ కలిసి ఇరవైయేళ్ళ అప్పు మీద ఈ ఇల్లు కొన్నారు. దిగిన మర్నాడు పొద్దున్నే ఆవిడ మిషను దగ్గర కూర్చుని, కుట్టాల్సిందేమీ లేకపోయినా అరగంట దడదడలాడించింది. తలుపు తట్టి ఆపమన్నవాళ్ళు లేరు. ఆ అరగంటా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

అప్పు తీరేసరికి తనకు అరవైరెండు వస్తాయి. అప్పటిదాకా సూదిలో దారం ఎక్కితే చాలునన్నది ఆవిడ లెక్క. యాభై ఒకటికే నల్ల బట్ట మీద నల్ల దారం అనుమానంగా కనిపిస్తోంది. అయినా పదకొండేళ్ళే కదా అనుకునేది.

బ్యాంకు నుంచి ఏడాదికి రెండు మూడు ఉత్తరాలు వచ్చేవి. మొదటిదాన్ని భార్యాభర్తలిద్దరూ కూర్చుని చదివారు. రెండో పేజీకే ఇద్దరికీ ఆవులింతలు వచ్చాయి. ఆయన జీతం ఖాతాలో ఎంత కోశారో చూసి, "వాయిదా మారలేదు కదా, ఇక చదవడానికేముంది?" అన్నాడు. ఆవిడకూ సబబనిపించింది. పైగా ఆ కాగితం దళసరిగా, నున్నగా ఉంది. వార్తాపత్రికతో మూసలు చేస్తే సూదులు గుచ్చగుచ్చ నెలకే చిరుగులు పట్టేవి. ఇదైతే ఏడాది దాటినా చెక్కు చెదరదు. అలా నాలుగేళ్ళుగా బ్యాంకు పంపిన ప్రతి ఉత్తరమూ విప్పీ విప్పకుండానే కత్తెర కిందికి పోయింది.

ఒక బుధవారం మధ్యాహ్నం భోజనం వేళలో బ్యాంకులోని లోన్ల గుమాస్తా చొక్కా కొలతకు వచ్చాడు. కొత్తగా ఈ బ్రాంచికి మారి వచ్చిన కుర్రాడు. మెడ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఏ కాలరు తొడిగినా చుట్టూ ఇంకొకరు పట్టేంత చోటు మిగులుతుంది. టేపక్క అత్తగారు అతనికి మొదటిరోజే కొంగబాబు అని పేరు పెట్టేసింది. అతని ఎదుటే పిలిచేది. అతనూ పలికేవాడు.

"కొంగబాబూ, ఈసారైనా కాస్త ఒళ్ళు చేశావా?"

"లేదు మామ్మగారూ, మెడ ఇంకో అంగుళం సాగింది."

టేపక్క నవ్వుతూ మేకు మీది కాలరు మూసను తీసి అతని మెడకు ఆనించింది. గుమాస్తా తల వంచి, ఆ కాగితం మీది గుర్తు చూసి ఆగిపోయాడు.

"అక్కా, ఇది మా బ్యాంకు కాగితం!"

"మీదే తమ్ముడూ. చెప్పకూడదుగానీ, మహా మంచి కాగితం. ఎన్ని సూదులు గుచ్చినా కిక్కురుమనదు."

"ఇది పోయిన నెల ఉత్తరం. చదివారా?"

"వాయిదా మారలేదు కదా!"

గుమాస్తా మెడ మీది కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "మిగతా ముక్కలేవి?" అన్నాడు. గొంతులో వేళాకోళం పోయింది.

కఫ్ఫులు రెండూ ఒక మేకుకు దొరికాయి. జేబుమూత కోసం నాలుగు మేకులు వెతకాల్సి వచ్చింది. టేపక్క అలవాటైన చేతులతో అంచుకు అంచు కలిపి ముక్కలు అమర్చింది. గాలికి ఎగరకుండా అత్తగారు ఒక మూల వేలితో నొక్కి పట్టుకుంది. గుమాస్తా ఒక్కో వరుసా వేలుపెట్టి చదివాడు.

"అక్కా, మీది ఫ్లోటింగ్ వడ్డీ. బజారులో వడ్డీ పెరిగితే మీకూ పెరుగుతుంది. నాలుగేళ్ళలో చాలాసార్లు పెరిగింది. వాయిదా మారలేదు, నిజమే. మారింది నెలల లెక్క. పెరిగినప్పుడల్లా చివర్న కొన్ని నెలలు కలుపుతూ వచ్చారు."

"ఇంకా ఎన్ని నెలలు?"

"నూట ఎనభై ఏడు."

ఆవిడ మనసులో పన్నెండుతో భాగించుకుంది. గజాలూ అంగుళాలూ లెక్కించే మనిషి, తప్పు పోయే అవకాశం లేదు. పదిహేనేళ్ళ ఏడు నెలలు. మిషను పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

అత్తగారు కాగితం మూల వదలకుండానే అంది. "అంటే నా కోడలు అరవైఆరేళ్ళకీ మిషను తొక్కుతూనే ఉండాలన్నమాట. ఇంకా పెరిగితే?"

"ఇంకా సాగుతుంది మామ్మగారూ." అతను జేబుమూత ముక్క ముందుకు జరిపాడు. "అందుకే ఇది చూడండి. ఫిక్స్‌డ్ వడ్డీకి మారొచ్చని రాశారు. ఇవాళ్టి రేటు కన్నా అర శాతం ఎక్కువ. మొదట అనుకున్న పదకొండేళ్ళకే ముగించాలంటే వాయిదా అయిదో వంతు పెరుగుతుంది. కానీ ఇక అటూ ఇటూ కదలదు. ఎల్లుండి సాయంత్రం నాలుగింటితో గడువు సరి."

"రేపు బజారులో వడ్డీలు తగ్గితే?"

"మీకు తగ్గవు. ఆ మాట కూడా నేనే చెప్పాలి కదా! మారమని అనను, మారొద్దనీ అనను. తెలిసి చెయ్యండి అంటున్నా, అంతే." అని, తన భోజనం వేళ దాటిపోయిందని అప్పుడు చూసుకుని, కొలత ఇవ్వకుండానే పరుగెత్తాడు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన భర్త బల్ల మీది ముక్కల్ని చూసి నెత్తి పట్టుకున్నాడు.

"కత్తిరించే ముందు నాకొక్కమాట చెప్పొద్దూ?"

"చదవడానికేముందన్నది ఎవరండీ?"

"సరిపోయారిద్దరూ," అంది అత్తగారు. "ఒకడు కళ్ళు మూసుకున్నాడు, ఒకతి కత్తెర తీసింది. బ్యాంకువాళ్ళు పాపం ఉత్తరాలు రాసి రాసి అలిసిపోయుంటారు."

ముగ్గురికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఆయన, "అయిదో వంతంటే మాటలా? ఎక్కణ్ణుంచి తెస్తాం?" అన్నాడు.

"నెలకు ఎనిమిది చొక్కాలు ఎక్కువ కుడతాను. పదకొండేళ్ళు కుడతాను. ఎన్నో తెలిస్తే ఎన్నైనా కుడతానండీ. కొలత చెప్పకుండా కుడుతూ ఉండమంటేనే నా చేత కాదు."

ఆయన బల్ల మీది జేబుమూత ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత, "టీ బడ్డీ దగ్గర నా ఖర్చు కూడా కాస్త కత్తిరించు, చేతిలో ఎలాగూ కత్తెరుందిగా," అన్నాడు. అది ఆయన ఒప్పుకోవడం.

గురువారం టేపక్క బ్యాంకుకు వెళ్ళి సంతకాలు పెట్టింది. అప్పు ఇద్దరి పేరా ఉంది కాబట్టి భర్త కూడా బ్యాంకు మనిషి ఎదుట సంతకం చెయ్యాలి. ఆయనకు సెలవు దొరకలేదు. ఇద్దరు డ్రైవర్లు జ్వరంతో పడున్నారు. గుమాస్తా కాసేపు పెన్ను కొరికి, మేనేజరు గదిలోకి వెళ్ళొచ్చాడు.

"బావగారి బస్సు మా గుమ్మం ముందే ఆగుతుందట కదా! నేనే స్టాపుకొచ్చి సంతకం తీసుకుంటాను. మేనేజరుగారు సరేనన్నారు. నాలుగు దాటితే మాత్రం ఆయనా ఏమీ చెయ్యలేరు."

శుక్రవారం మూడింటికి రావలసిన బస్సు మూడుంబావుకు రాలేదు. మూడున్నరకూ రాలేదు. స్టాపులో టేపక్క, పక్కన చేతిలో ఫైలుతో గుమాస్తా. ఆవిడ టేపు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. మూడూ ముప్ఫైఎనిమిదికి బస్సు మలుపు తిరిగింది, నిండా జనంతో.

గుమాస్తా ఫుట్‌బోర్డు ఎక్కి కాగితం అందించాడు. డ్రైవరు స్టీరింగు మీద అట్ట పెట్టుకుని సంతకం చేశాడు. ఇంజను వణుకుతోంది, దాంతోపాటు స్టీరింగూ, అట్టా, పెన్నూ. కాగితం మీద వానపాము పాకినట్టు ఓ గీత పడింది.

"ఇది తొమ్మిదేళ్ళ కిందటి సంతకంతో కలవదు బావగారూ. ఇంజను ఆపండి. ఇంకో ఫారం తెచ్చాను, ఇదే ఆఖరిది."

"ఆపితే మళ్ళీ అందుకోదయ్యా! సెల్ఫ్ పాడై వారమైంది. డిపోలో చెబితే రేపు మాపు అంటున్నారు. ఆపానంటే తోయాల్సిందే."

వెనక సీట్లలోంచి గొణుగుడు మొదలైంది. "ఏమిటండీ ఆలస్యం? మాకు పనుల్లేవా?" అని కూరల బుట్టతో ఉన్న ఒక పెద్దావిడ గట్టిగానే అడిగింది. నలుగురిలో నోరు విప్పడమంటే టేపక్కకు చచ్చేంత సిగ్గు. అయినా మెట్టెక్కి కమ్మీ పట్టుకుంది.

"అమ్మా, అయ్యా, తప్పు మాదే. మా ఇంటి అప్పు కాగితమండీ. నాలుగింటికి గడువు. ఈ సంతకం పడకపోతే…"

మధ్యలోంచి ఒక నెరసిన మీసాలాయన అడిగాడు. "ఫ్లోటింగునుంచి ఫిక్స్‌డుకా?"

"అవునండీ."

"ఆపవయ్యా ఇంజను! నాది సాగి సాగి నా మనవడి పెళ్ళిదాకా వచ్చింది."

బస్సంతా గొల్లుమంది. కండక్టరు ఈల వేసి, "టిక్కెట్టు కొన్నవాళ్ళంతా దిగి తోయండి, కొననివాళ్ళు ఇంకా గట్టిగా తోయండి," అన్నాడు. ఇంజను ఆగింది. డ్రైవరు చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, నిదానంగా, గుండ్రంగా సంతకం చేశాడు. గుమాస్తా పాత సంతకం పక్కన పెట్టి చూసి తలూపి, ఒక్క ఉదుటున రోడ్డు దాటి గుమ్మంలోకి దూరిపోయాడు. లోపలి గడియారంలో మూడూ యాభై.

అప్పుడు తోశారు. మీసాలాయన, కాలేజీ పిల్లలు, బుట్ట ఫుట్‌పాత్ మీద పెట్టొచ్చి పెద్దావిడ కూడా. టేపక్క వాళ్ళందరి మధ్యా భుజం ఆనించి తోసింది. ఇరవై అడుగులు పోయాక బస్సు దగ్గి, నల్లటి పొగ వదిలి అందుకుంది. జనం నడుస్తూ, పరుగెడుతూ ఎక్కేశారు. ఆవిడ కృతజ్ఞతలు చెప్పుకుందామంటే ఒక్కరూ ఆగలేదు. డ్రైవరు కూడా కిటికీలోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి ఊపాడు. మసి పట్టిన అరచేతులతో ఆవిడ రోడ్డు మధ్య ఒక్కతే నిలబడిపోయింది.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ఈసారి ఆవిడ ప్రతి అక్షరమూ అత్తగారికి వినపడేలా చదివింది. నూట ముప్ఫైరెండు వాయిదాలు. ఆఖరిది ఏ నెలో, ఏ ఏడో అచ్చేసి ఉంది. "ఇంకోసారి చదువు," అంది అత్తగారు. చదివింది.

ఏడాదిన్నర తరవాత బజారులో వడ్డీలు కాస్త తగ్గాయి. లోన్ల గుమాస్తా తానేదో నేరం చేసినట్టు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"అక్కా, మీరు ఆగి ఉంటే కొంచెం మిగిలేదేమో!"

"ఎంత మిగిలేది?"

చెప్పాడు. ఆవిడ ఆలోచించింది. నష్టం నష్టమే, కాదనలేదు. "నెలకు ఒక చొక్కా," అంది. "పోనీ తమ్ముడూ. ఎప్పటికి తీరుతుందో నాకు తెలుసు. ఆ ధైర్యానికి చొక్కా ఖరీదు ఎక్కువేం కాదు. నువ్వారోజు తిండి మానేసి ఆ ముక్కలు చదవకపోతే నాకది తెలిసేదీ కాదు."

అతని రుణం ముఖాముఖి ఒప్పుకోగలిగింది. మిగతావాళ్ళదే చిక్కు. ఆ బస్సులో నలభై మందైనా ఉంటారు. ఒక్కరి పేరూ తెలియదు. మీసాలూ, కూరల బుట్టా తప్ప ముఖాలైనా గుర్తులేవు. అందుకని చిన్న చిన్న చిరుగులకూ, ఊడిన గుండీలకూ ఆవిడ డబ్బు పుచ్చుకోవడం మానేసింది. ఎవరైనా చిల్లర తీయబోతే వద్దని చేత్తో వారిస్తుంది.

అత్తగారు చూసి చూసి ఒకనాడు అడిగేసింది. "ఏమిటమ్మాయ్, ఊరు ఊరంతా ఆ ఒక్క బస్సులోనే ఉందంటావా?"

గుండీలో దారం ముడి వేస్తూ, "ఉండొచ్చు అత్తయ్యా, చాలా గట్టిగా తోశారు మరి," అంది టేపక్క.