కంచంలో రెండో సగం

మా అత్తగారు పోయారు. పొద్దున నేను టిఫిన్ చేతికి అందించి, పొయ్యి మీద పాలు దించి వచ్చేలోపే పోయారు. డాక్టరు వచ్చి చూసి, "బాధ మాత్రం పడి ఉండరమ్మా" అన్నాడు. నరసరావుపేటలో ఉన్న చుట్టాలూ, గురజాల, మాచవరం వైపు నుంచి ఆమె దగ్గర చదువుకున్నవాళ్లూ వచ్చారు. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది. గోడకి ఆనుకుని కూర్చున్నచోటే కళ్లు మూతలు పడుతుంటే ఎవరో "పాపం, దిగమింగుకుంటంది" అన్నారు. దిగమింగుకోవడం కాదు, అలిసిపోయాను. మంచాన పడ్డ మనిషిని చూసుకున్నవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు దినాలు అయిపోయాయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు, నేను కాస్త నిద్రపోయాను. అందుకే ఆమె గురించి నాలుగు మాటలు రాయగలుగుతున్నాను.

ఆమె జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కల టీచరు. రిటైరయ్యాక కూడా లెక్కలు ఆమెని వదల్లేదు, ఆమె మమ్మల్ని వదల్లేదు. కొత్త కోడలిగా నేను చేసిన మొదటి చపాతీని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇదేం ఆకారమే? దీనికి పేరు కూడా లేదు గదా" అన్నారు. నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే, అదే చపాతీ తుంచి తింటూ, "రుచికి ఆకారంతో పన్లేదులే" అని ఇంకోటి వేయించుకున్నారు.

మా ఇంట్లో నేలంతా నాపరాళ్లు. మంచం ఆ రాళ్ల మధ్య గీతలకి సమాంతరంగా లేకపోతే ఆమెకి నిద్ర పట్టేది కాదు. మడత మంచం వాల్చినప్పుడల్లా కత్తెరలా పడ్డ దాని కాళ్ల దగ్గర వంగి, "చూడు, ఎదురెదురు కోణాలు. ఇటు ఎంత తెరుచుకుంటే అటూ అంతే. బోర్డు మీద గీస్తే ఒక్కడికీ ఎక్కలా. మంచం తెప్పించి చూపిస్తే చానామందికి ఎక్కింది" అనేవారు. మాచవరంలో పనిచేసిన రోజుల్లో పిల్లల్ని మిరప కల్లాల్లోకి తీసుకెళ్లి, రాశి పోసిన ఎండు మిరపకాయల్ని చూపించి శంకువు పాఠం చెప్పారట. పాఠం అర్థమైందో లేదో గానీ అందరూ తుమ్ముకుంటూ, కళ్లు నులుముకుంటూ బడికి వచ్చారు. హెడ్మాస్టరు చీవాట్లు పెట్టాడని ఆమే నవ్వుతూ చెప్పేవారు.

ఇంట్లో ఎవరు గొడవపడినా ఒకటే మాట. "ముందు దత్తాంశం చెప్పు, తర్వాత ఏడువు." అంటే నీకు కచ్చితంగా తెలిసిందేదో ముందు చెప్పు, మిగతాది తర్వాత చూద్దాం అని. ఆ మాట విని నేను ఎన్నిసార్లు పళ్లు కొరుక్కున్నానో చెప్పలేను. కోపంగా ఉన్నవాళ్లని దత్తాంశం అడిగితే ఒళ్లు మండుతుంది.

ఒకసారి హైదరాబాదులో పెళ్లికి వెళ్తూ నడికుడి స్టేషన్లో కూర్చున్నాం. రైలు ఆలస్యం, ఎండ, చేతినిండా సామాను. అప్పటికి మా అమ్మాయి చిన్నది. ప్లాట్‌ఫాం మీది నుంచి దూరంగా చూసి, "నానమ్మా, పట్టాలు అక్కడ కలిసిపోయినయ్. రైలు పడిపోయిద్దేమో" అంది.

"కలిసినట్టు కనపడతన్నయ్, అంతే. నిజంగా కలిస్తే రోజూ అన్ని రైళ్లు అటు ఎట్టా పోతన్నయ్?"

"మరి నాకు కనపడతంది గదా?"

"కన్ను ఒక మాట, లెక్క ఒక మాట చెప్తే లెక్క మాటే వినాలి తల్లీ. కంటికి అలుపొచ్చిద్ది. లెక్కకి రాదు."

ఎండలో ఈ పాఠం ఒకటి అని నేను విసుక్కున్నాను. ఆ మాట ఆమెకే అవసరం పడుతుందని అప్పుడు ఎవరనుకున్నారు?

పక్షవాతం వచ్చి ఆమెకి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట బాగానే ఉంది, పెత్తనం అంతకంటే బాగుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు కంచంలో అన్నం, పప్పు, ఎడమపక్కన వంకాయ కూర పెట్టి ఇచ్చాను. కుడివైపు సగం శుభ్రంగా తిన్నారు. ఎడమ సగం ముట్టుకోలేదు. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత.

"అయిపోయింది. ఇంకాస్త పెట్టవే" అన్నారు.

"కంచంలో ఉంది కదా అత్తయ్యా."

"ఎక్కడుందే?" వెటకారం కాదు, నిజంగానే అడిగారు.

డాక్టరుని అడిగితే, కళ్లు బాగానే ఉన్నాయి, మెదడే ఎడమవైపుని పట్టించుకోవడం మానేసింది అన్నాడు. అటు ఒక వైపు ఉందనే ఆమెకి తోచదట, చెప్పినా ఒప్పుకోరట. ఒప్పుకోలేదు కూడా. నేను కంచాన్ని సగం తిప్పేదాన్ని. ఎడమపక్క ఉన్నది కుడిపక్కకి వచ్చేది, అప్పుడు తినేవారు. ఆమె లెక్క ప్రకారం నేను అప్పుడే కొత్తగా పెట్టానన్నమాట. చూడటానికి వచ్చిన చుట్టాలతో, "కోడలు మంచిదే. కూడు మాత్రం సగం సగం పెడతది" అన్నారు. వాళ్లు నవ్వారు. నవ్వి, నా వంక చూశారు.

ఎత్తి కూర్చోబెట్టడం, స్నానం, పక్కబట్టలు, వీటితో నడుము విరిగేది. ఈ మాటతో మనసు విరిగింది. ఆమె లేచి నడవకపోయినా సరే, నేను నిండు కంచమే పెడుతున్నానని ఆమె నోటితో ఒక్కసారి అంటే చాలనిపించేది. అంతకు మించి నాకేమీ వద్దనిపించేది.

మా వీధి చివర ఒకావిడ బట్టలు కుడుతుంది. ముస్లింల అమ్మాయి, గురజాలలో మా అత్తగారి దగ్గర చదువుకుంది. సేమ్యా పాయసం చేసుకుని చూడటానికి వచ్చింది. తెలియక మంచానికి ఎడమపక్క స్టూలు మీద కూర్చుని, "బాగున్నారా మేడం?" అంది. మా అత్తగారు కుడివైపు గోడనే చూస్తున్నారు.

"గొంతు వినపడతంది. మనిషేది?"

"మీ పక్కనే ఉన్నా మేడం."

అత్తగారు ఇటు తిరగనే లేదు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ, "నా మీద ఏమన్నా కోపమా మేడం?" అంది. నేను చెయ్యి పట్టుకుని మంచం చుట్టూ తిప్పి కుడిపక్కకి తీసుకొచ్చాను. అత్తగారి ముఖం విచ్చుకుంది, వెంటనే ముడుచుకుపోయింది.

"ఇందాక యాడున్నావే?"

"ఇక్కడే మేడం, అటుపక్క."

అటుపక్క అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం కుడివైపు సగం తిన్నాక నేను కంచం తిప్పబోతే, "ఆగు, తిప్పమాక" అన్నారు. "ఇది గుండ్రటి కంచమేగా?"

"అవునత్తయ్యా."

"అది దత్తాంశం. నాకు అంచు ఇక్కడ మొదలై అక్కడ ఆగిపోతంది. అంటే కనపడేది అర్ధవృత్తం. గుండ్రటి కంచానికి అర్ధవృత్తమే ఉండి ఊరుకోదు గదా. రెండోది ఉండి తీరాల. నాకు కనపడకపోయినా ఉండాల."

చూపుడువేలు అంచు మీద పెట్టి, తనకి ఏమీ లేనివైపు మెల్లగా జరిపారు. అంత భయంగా ఆమె ఏ పనీ చేయగా నేను చూడలేదు. వేలు అంచు వెంబడే అంతా తిరిగి, మొదలుపెట్టిన చోటికి వచ్చింది. వేలికి కూర అంటింది. నాలిక మీద పెట్టుకుని, "వంకాయ" అన్నారు.

కాసేపటికి, "మొదటిరోజు నుంచీ పెడతానే ఉన్నావా?" అని అడిగారు.

"పెడుతూనే ఉన్నానత్తయ్యా."

"అన్యాయంగా అన్నానే నిన్ను. ఊరందరికీ చెప్పా."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని, "ఏడువులే. దత్తాంశం అయిపోయింది గదా" అన్నారు. ఆ సాయంత్రం నా చేత ఫోన్లు చేయించి, సగం సగం అని ఎవరెవరితో అన్నారో వాళ్లందరికీ, "అది నిండుగానే పెట్టింది. నాకే కనపళ్లా" అని చెప్పారు.

అది మొదలు సగం తిన్నాక వేలు అంచు చుట్టూ తిప్పడం, ఒంటి చేత్తో కంచాన్ని తనే తిప్పుకోవడం అలవాటు చేసుకున్నారు. ఇంతకంటే అద్భుతాలేమీ జరగలేదు. ఆమెకి ఎడమవైపు తిరిగి రాలేదు, నాకు అలుపు తగ్గలేదు. నీరసంగా ఉన్న రోజున మర్చిపోతే నేను తిప్పేదాన్ని. నేను విసుగ్గా ఉన్న రోజున ఆమె నా ముఖం చూసి గబగబా తనే తిప్పేసుకునేవారు.

ఆఖరి రోజు పొద్దున ఉప్మా పెట్టాను. పాలు దించి వచ్చాను. దిండుకి ఆనుకునే ఉన్నారు. నా కళ్లు ముందు ఆమె ముఖం మీదికి పోలేదు, అలవాటు కొద్దీ కంచం మీదికి పోయాయి. కుడివైపు సగం తిన్నారు. ఎడమ సగం అలాగే ఉంది, మధ్యలో అదే గీత. వేలు అంచు మీద ఉంది. మర్చిపోయారనుకున్నాను. కంచాన్ని సగం తిప్పి, "తినండి అత్తయ్యా, ఇంకా ఉంది" అన్నాను.