మునెమ్మవ్వ వాకిట్లో భిక్ష

ఇప్పటికీ కుప్పంలో మా వీధిలో ఎవరైనా నామం గడ్డ నీళ్లలో అరగదీస్తే, ఆ తడి సుద్ద వాసన తులసి వాసనతో కలిసి నన్ను పుంగనూరు దగ్గరి మా పల్లెకు, తొంభైల చివరి పెరటాసి నెల శనివారాలకు తీసుకుపోతుంది. వానకు తడిసిన చెనక్కాయ చేలు పచ్చివాసన కొట్టే ఆ నెలలో, శనివారం పూట తలకు పోసుకుని, నుదుట నామం పెట్టుకుని, నామం దిద్దిన ఇత్తడి చెంబుతో "గోవిందా" అంటూ ఇంటింటా బియ్యం ఎత్తుకునేవాళ్లం. ఉన్నవాళ్లయినా లేనివాళ్లయినా ఆ రోజు చెయ్యి చాచాల్సిందే. ఆ బియ్యంతో పొంగలి వండి, అలసంద వడలు, గుమ్మడికాయ కూర చేర్చి, అరిటాకుల్లో స్వామికి నైవేద్యంగా తళిగ వేసేవాళ్లం. గోవిందా అన్నవాళ్లను ఉత్తచేతులతో పంపే ఇల్లు మా ఊళ్లో లేదు. మేం తొక్కని వాకిలి మాత్రం ఒకటుండేది. అది అమ్మకు వరసకు అత్తయిన మునెమ్మవ్వది.

నీళ్ల వంతు కొట్లాటలో మా నాయన పార ఎత్తి కొడితే ఆమె కొడుకు చనిపోయాడు. నాయనకు యావజ్జీవం పడింది. ఆయన లేక దున్నే మడక మూలపడింది, ఎద్దులు సంతకు పోయాయి, అమ్మ కూలికి పోయి మాకు సంగటి పెట్టేది. జైల్లో నడవడి బాగున్నవాళ్లను ముందే వదులుతారని విని, నన్ను వెంటబెట్టుకుని మదనపల్లెలో ఒక ఆఫీసుకు పోయింది.

"క్షమాభిక్షకు అర్జీ పంపుతాంలేమ్మా. పోలీసులు మీ ఊర్లో విచారిస్తారు. సచ్చిపోయినాయప్ప ఇంటోళ్లు వద్దంటే కష్టం" అన్నాడు గుమాస్తా.

"భిక్షంటే యాడ ఎత్తుకోవాల సామీ?" అనడిగింది అమ్మ.

ఆయన నవ్వాడు. "ఎత్తుకునేది కాదమ్మా, సర్కారు ఇచ్చేది."

తిరుగు బస్సులో అమ్మ, పుంగనూరు వస్తుండగా అంది: "సర్కారోళ్లకేం పోయింది మే? పోయింది మునెమ్మత్తకు. ఆడనే ఎత్తుకోవాల."

భజన గుడిలో మేం విన్న పురాణంలో స్వామే పొట్టి బ్రహ్మచారిగా వచ్చి ఒకరి ముందు చెయ్యి చాచాడు. అమ్మ దాన్ని ఉత్త కథగా వినలేదని తర్వాతి పెరటాసి శనివారం తెలిసింది.

మునెమ్మవ్వ గడప మీద కూర్చుని అలసందలు ఒలుస్తోంది. అమ్మ నామం చెంబుతో ఆ వాకిట్లో నిలబడి "గోవిందా" అంది.

"ఏం మే, ఊర్లో బియ్యం అయిపోయినాయా, ఈడికొచ్చినావు?"

"బియ్యానికి రాలేదత్తా. పిల్లోళ్ల నాయన్ని భిక్ష పెట్టు."

"నా కొడుకును యాడ ఎత్తుకోవాల నేను? ఆ వాకిలి సూపించు, నేనూ సెంబు పట్టుకుని పోతా."

అమ్మ చెంబు చాచి, తల వంచుకుని అట్లాగే నిలబడింది. అవ్వ లోపలికి పోయి, ఎంతసేపటికో దోసెడు బియ్యంతో వచ్చి చెంబులో పోసింది.

"వాడొస్తే రానీ. నా వాకిలి ముందర మాత్రం నడవకూడదు. ఆ అడుగుల సప్పుడు నేను వినలేను."

పోలీసులకూ అదే చెప్పింది. మరుసటేడు నాయన వచ్చాడు. బస్సు దిగితే మా ఇంటికి దగ్గరి దారి అవ్వ వాకిలి ముందు నుంచే. ఆయన మాత్రం నెత్తిన గడ్డిమోపు ఉన్నా, వాన కురుస్తున్నా, చేల గట్ల వెంబడి చుట్టూ తిరిగి వచ్చేవాడు. అవ్వ పోయాక కూడా అంతే.

"అవ్వ లేదు గదా నాయనా, ఇంగా యాల సుట్టూ తిరిగేది?" అనడిగాను.

"ఆయమ్మ పెట్టిన భిక్ష ఇంగా తింటాండా గదమ్మా."

భగవంతుడి దయను గురించి తర్వాత ఎన్నో ప్రవచనాలు విన్నాను. ఇంతకంటే అర్థమైన మాట లేదు.

ఇప్పుడు నాయన లేడు. చెంబు పట్టుకుని గోవిందా అనేవాళ్లు మా ఊళ్లో కనబడరు. మునెమ్మవ్వ ఇంటి ముందు తారురోడ్డు పడింది. నాయన ఒక్కడి కాళ్లకు అరిగి పడిన ఆ గట్టుదోవను పోయినేడు టమోటా నాటడానికి దున్నేశారు.