నానమ్మ చేతి మీద తాత పేరు

విజయనగరంలో టాటూ దుకాణంలో కూర్చున్నాను. పక్క కుర్చీ దగ్గర మిషన్ గుర్రుమంటుంటే శ్రీముఖలింగం జాతర గుర్తొచ్చింది. పచ్చబొట్లవాడి ముందు మన నానమ్మలు చేతులు చాపి కూర్చునేవారు, గుర్తుందా? పసరు వాసన, సూది వెంట ఉబికే నెత్తుటి చుక్కలు.

"ఏ పేరమ్మా?" అని వాడు అడిగితే మా నానమ్మ తలొంచుకుంది. మొగుడి పేరు నోటితో పలకకూడదు కదా. నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఒరే, మీ తాత పేరు సెప్పరా."

సూది వంక భయంగా చూస్తూ "అప్పన్న" అన్నాను.

"సచ్చినాక నగలన్నీ వొలిసేస్తారు. ఇదొక్కటే నాతో వస్తాది" అంది నానమ్మ.

పోయిన వేసవిలో నా భార్య ఒంటి మీది బంగారం నేనే తీశాను.

పక్కనే నిలబడ్డ నా కూతురు ఈ పచ్చబొట్టుకి ఇంకా ఒప్పుకోలేదు. "ఈ వయసులో ఏటి నాన్నా ఇది? నలుగురూ నవ్వుతారు. లే, ఇంటికెల్పోదాం."

టాటూ వేసే అమ్మాయి పెన్ను తీసుకుని "ఏ పేరు సార్?" అంది.

నోరు తెరిచాను. మూసేశాను. ఆమె మళ్ళీ అడిగింది.

కూతురు నా వంక చూసింది. నా చొక్కా చెయ్యి తనే పైకి మడిచింది.

"వరలక్ష్మి" అంది. "మా అమ్మ."