అరువు కుర్చీ

మా ఇంట్లో, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒక పాత ఇనుప మడత కుర్చీ ఉంది. విప్పితే కీచుమంటుంది. మొన్న పొద్దున వంటింట్లో ఉండగా ఆ చప్పుడు వినబడి బయటికొచ్చాను. మా ఇంట్లో పనిచేసే రాములమ్మ దాన్ని విప్పి చూసి, మళ్లీ మడిచి చంకన పెట్టుకుంటోంది. ఎక్కడికే అంటే, మంచాన పడ్డ తన అత్తగారి పింఛను కోసం ఎవరో ఇల్లు చూడడానికి వస్తున్నారట, ఆయన కూర్చోవడానికట. నాకు ఒళ్లు మండిపోయింది. నా పెళ్లి కాకముందు ఇదే కుర్చీని, ఇదే పనిమీద, మా పక్క వాటాలో ఉండే నూకాలత్త పట్టుకెళ్లింది. ఆ తరవాత ఏమైందో నాకు తెలుసు.

నూకాలత్త మాకు చుట్టం కాదు. పద్మనాభం అనే ఊరి వైపు నుంచి వచ్చి పూర్ణా మార్కెట్లో కూరగాయలమ్ముకునేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా తమ్ముడు పైడయ్య. అతను తాపీపనికి వెళ్లి పరంజా మీంచి పడ్డాడు. నడుం కింద చచ్చుబడింది. పెళ్లాం పుట్టింటికి పోయింది. అత్త మార్కెట్టు మానేసి తమ్ముడి పక్కన కూర్చుంది. అతన్ని ఎత్తాలి, కడగాలి, పక్క మార్చాలి, నోట్లో ముద్ద పెట్టాలి. మధ్యలో చింతపండు గింజలు తీసిస్తే వచ్చే కూలే ఇద్దరికీ ఆధారం. ఆ ఇంట్లో పొయ్యి రెండుపూటలా వెలగాలంటే పింఛను రావాలి, వేరే దారి లేదు.

అప్పుడు నేను టైపు నేర్చుకుంటున్నాను. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కదా అని అత్తను ఆఫీసుకి నేనే తీసుకెళ్లాను. గుమస్తా చెడ్డవాడేం కాదు, రూలు చెప్పాడు. ఎవరూ లేనివాళ్లకే పింఛను. పైడయ్యకి అక్క ఉంది, కాబట్టి రాదు. పోనీ అక్కకిమ్మంటే, ఆవిడకి కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, పని చేసుకోవచ్చన్నాడు. ఆ పనికి వెళ్తే ఈయన్ని చూసేదెవరయ్యా అంటే, అది మా పరిధి కాదన్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

అత్త అంతా విని, నిదానంగా అడిగింది. "అంటే బాబూ, నాను ఆడ్ని ఒగ్గేసి పోతే పింఛనిత్తారు. సూసుకుంతంటే ఇవ్వరు. అంతేనేటి?"

గుమస్తా కాగితాలు తిరగేశాడు. మరీ గతిలేని సంసారమైతే ఆఫీసులో పెద్దాయనతో చెప్పి చూస్తానన్నాడు. పోస్టాఫీసులో ఏమైనా దాచుకున్నారా అని అడిగాడు. నేను కాలు తొక్కుతూనే ఉన్నాను, అత్త ఉన్నదున్నట్టు చెప్పేసింది. మార్కెట్టు రోజుల్లో తన చావు ఖర్చుకని దాచుకుంది. అది పింఛనుకి పెట్టిన హద్దు దాటిందట, ఆ డబ్బు అయిపోయాక రమ్మన్నాడు. సంపాదించిందంతా తాగి తగలేసినవాడికి ఏ అడ్డూ లేదు, కడుపు కట్టుకుని దాచుకున్న మనిషికి శిక్ష. ఆ డబ్బు మా అమ్మ దగ్గర దాచమని నేను బతిమాలాను. గోడకి చెప్పుకున్నట్టే. అత్త మొత్తం తీసేసి, పైడయ్య వీపు పుళ్లు పడుతోందని నవ్వారు మంచం కొంది, మిగిలింది మందులకి పెట్టింది.

డబ్బు అయిపోయిందని అర్జీ పెడితే, ఇల్లు చూడడానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నేను టైపు క్లాసు నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. మా ఇంటి కుర్చీ, ఎదురింటివాళ్ల స్టీలు గ్లాసులు, మా అమ్మ దగ్గర అరువు తెచ్చిన కాఫీ పొడి, పంచదార. అది చాలనట్టు రేవు నుంచి వంజరం చేప ముక్కలు అప్పు మీద తెచ్చి వేపి పెట్టింది. ఆయన సుబ్బరంగా తిని, కుర్చీ చూసి, గ్లాసులు చూసి, కొత్త మంచం చూసి, జరుగుబాటున్న కుటుంబమని రాసేశాడు. నేను మర్నాడు పరిగెత్తుకెళ్లి అవన్నీ అరువువి మహాప్రభో అంటే, ఆయన నవ్వాడు. "ఎంత మర్యాద తెలిసిన మనుషులమ్మా! అలాంటివాళ్లకి పింఛనెందుకు?" అన్నాడు.

ఇంటికొచ్చి అత్తమీద అరిచాను. ఎవడు చెయ్యమన్నాడు నీకీ రాచమర్యాదలు, మంచినీళ్లిచ్చి నేలమీద కూర్చోబెడితే ఏం పోయింది అన్నాను.

"ఓలమ్మీ, నా ఇంటికొచ్చినోడు ఆడు," అంది అత్త, తమ్ముడి పక్క సర్దుతూ. "పింఛను కోసరం మనిసితనం కూడా ఒగ్గీమంతావేటి?"

రెండోసారి అర్జీ పెట్టించాను. కుర్చీని మా అటక మీద పెట్టి నిచ్చెన దాచేశాను. ఈ మహాతల్లి వీధి చివర టైలరు దగ్గర ఇంకో కుర్చీ తెచ్చింది, అది చేతులున్న కుర్చీ! ఇక ఏం చెప్పను? పింఛను రాలేదు. పైడయ్య ఆ మంచం మీదే పోయాడు, ఒంటిమీద ఒక్క పుండు లేకుండా. అత్త మళ్లీ మార్కెట్లో గంప దించుకుంది.

కొన్నాళ్లకి నాకు అలాంటి ఆఫీసులోనే ఉద్యోగం వచ్చింది, ఇళ్లు చూసి రాసే పనే. చెప్తే అత్త సంబరపడి, నా గడ్డం పట్టుకుంది.

"ఎవులైనా కుర్చీ ఏత్తే కూకో అమ్మీ, కాదనకు. కుర్చీలోంచి నెగిసినాక దాన్ని కాయితం మీద ఎక్కించకు."

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎన్నో అరువు కుర్చీల్లో కూర్చున్నాను. ఎవరి గ్లాసులోనో కాఫీ తాగాను, ఒక్కటీ రాయలేదు. ఈ విషయంలో పైవాళ్లతో మాటలు పడ్డాను, అన్నాను కూడా. అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆవిడమీద విసుగు మాత్రం నాకింకా పోలేదు.

రాములమ్మని ఆ కుర్చీ అక్కడ పెట్టమని గదమాయించాను. పెట్టలేదు. గుమ్మంలో నిలబడి, వచ్చినాయన్ని నిలబెట్టి మాట్లాడితే ఏం బాగుంటాదమ్మా అంది. తల కొట్టుకుని, స్టీలు గ్లాసులు రెండు చీరకొంగుతో తుడిచి పట్టుకుని, రాములమ్మ వెనకాలే వాళ్లింటికి నడిచాను. వచ్చినవాడు కుర్రాడు. గుమ్మంలోంచే ఇల్లంతా కలయజూస్తూ, ఫోటోలు తియ్యడానికి ఫోను తీశాడు.

"కూర్చో బాబూ," అన్నాను. "కాఫీ తాగు. ఆ కుర్చీ నాది."